ఆరో విడత

ఆరో ఎండకాలం ఇది.
దేవరకొండల బస్సు దిగి, షేరింగ్ ఆటోల
డ్రైవర్ పక్కన సగం కూసొని
మళ్ల అదే ఊరికి, అవే నూట నలభై ఇండ్లకు.
చేతిల ట్యాబు. పాత జవాబులు
బూడిదరంగుల ముందే కనవడుతయి,
కొత్తవి వాటి కింద నింపాలె.

బుగ్గమ్మ గడప కాడ కాళ్లు చాపుకొని ఉంటది.
చాపుకొని అంటె, వంగవు కాబట్టి.
"వచ్చినవా బిడ్డా? నీ ప్రశ్నలకు ముసలితనమొచ్చింది గని
నీకింకా రాలే" అంటది.
పోయినేడు కూలి ఎన్ని దినాలు దొరికె?
బాకీ ఎంత? మేకలెన్ని?
కాళ్ల నొప్పి ఉన్నదా?
"అడుగుడెందుకు,
కిందిది జూసి మీద రాస్కో."

హైదరాబాదుల, ఏసీకి వేళ్లు కొంకర్లు పోయే గదిల
వరదాచారి సారు బోర్డు మీద చెప్పిండు:
"బోరున్నోళ్ల పిల్లలు బడికి పోతరు, నిజమే స్వరూపా.
బోరు పడ్డందుకా, ముందటి సంది ఉన్నోళ్లయినందుకా?
అందుకే ఆ ఇంటిని ఈ ఇంటితోని పోల్చొద్దు.
బుగ్గమ్మను బుగ్గమ్మతోనే పోల్చాలె.
ఆరేండ్ల ఆమె సగటు కట్టి
ఏ ఏటికా ఏడు అండ్లకెళ్లి తీసెయ్యాలె.
మిగిలిందే మాట్లాడుతది."

నాకు నచ్చింది.
పక్కింటి పిల్లతోని నన్ను తూచి తూచి పెంచిన మా అమ్మకు
ఈ లెక్క ఎవరన్న నేర్పితె బాగుండు అనుకున్న.
ఎవరి తక్కెడ వాళ్లకే.
ఎవరి నిన్న వాళ్లకే పడికట్టు రాయి.

తర్వాత స్క్రీన్ మీద ఫలితాలొచ్చినయి.
ఉపాధి పని పెరిగితె వలస ఇంత తగ్గింది, పక్కకు మూడు చుక్కలు.
బోరు పడితె బడికి పోయే దినాలు ఇన్ని, ఒక్క చుక్క.
దాని కింద
కులం: ఖాళీ.
ఏ వాడ: ఖాళీ.
ఎర్రనేలా, చౌడా: ఖాళీ.
కాళ్ల నొప్పి: ఖాళీ.

"సార్, ఏదో తప్పు పోయింది."
"తప్పు గాదు. ఆరేండ్లల్ల మారలే అవి.
మారనిదాన్ని దానితోనే పోలిస్తె సున్నా.
పోలేదమ్మా, లోపటనే ఉన్నయి.
ఇంటి నంబరు మింగింది వాటిని.
దేని వాటా ఎంతో విడదీయలేం, అంతే."

ఇంటి నంబరు మింగింది.
కాపురానికొచ్చిన నాటి సంది ఆమె తాగిన నీళ్లను,
పండ్ల మీది పసుపు గారను,
మంచం మీదికెళ్లి లేస్తప్పుడు
గోడను పట్టుకునే ఆ చెయ్యి జాగను,
సున్నం రాలి నున్నగైన జాగను.
అడిగేదాన్ని నేనే ఆరుసార్లు.
మారనిదాన్నే గద, నన్ను గూడ మింగినట్టుంది.

కరువు సంగతి గూడ చెప్పిండు:
ఆ ఏడు అందరి మీద ఒక్కతీరే పడ్డది,
అందుకే ఆ ఏటి ముద్రను తీసేసినమని.
నాకు యాదికొచ్చింది.
ఒకింటి బత్తాయి తోటకు ట్యాంకర్లు తిరిగినయి.
కేస్లి ఇంటికి తాళం, తాళానికి అడ్డం తుమ్మకంప.
"పుణె పోయిండ్రు, మట్టిపనికి"
అన్నది పక్కింటి ముసలామె, నా కలం దిక్కు జూస్కుంట.
ఒక్కతీరే పడ్డదా సార్?
అడగలే.
ఊర్లల్ల అడుగుడు నా పని, గదిల వినుడు నా పని.

నిన్న బుగ్గమ్మనే అడిగింది.
"ఆరుసార్లు చెప్పిన గద ఉన్నదని,
రాసిందంత ఏడికి పోయింది బిడ్డా?"
"ఏడికి పోలే అత్తా, లోపటనే ఉన్నది."
"నొప్పా?" అన్నది.
"అది నాకెరికే."

ట్యాబుల అన్నిటికంటె అడుగున
'ఇతర విషయాలు' అని ఒక గడి ఉంటది.
లెక్కకు రాదు. ఎవ్వరూ నింపరు.
రెండొందల అక్షరాలకే జాగ.
ఆటో హారన్ కొడుతుంటె ఆపుమని సైగ జేసి
నీళ్లతోని మొదలువెట్టిన.
బాయి కాడికి రాకముందే
గడి నిండింది.